ఖైరతాబాద్ నుండి జిద్దాకు: దూరం తగ్గింది, ప్రయాణం తగ్గిందా?

ఖైరతాబాద్ పేరు వినగానే నేటి తరానికి మెట్రో స్టేషను, ఫ్లైఓవరు, వాహనాల రద్దీ గుర్తుకు వస్తాయి. ఆ రద్దీకి కొద్ది దూరంలోనే, ఇళ్ళ మధ్య ఒదిగి, దాదాపు నాలుగు వందల ఏళ్ళ నాటి మసీదు ఒకటి ఉంది. కుతుబ్‌షాహీ వంశపు రాకుమార్తె ఖైరున్నిసా బేగం 1626లో దీనిని కట్టించారని చరిత్ర చెబుతోంది. ఈ ప్రాంతానికి ఆ పేరు వచ్చింది కూడా ఆమె వల్లనే. తనకు విద్య నేర్పిన గురువు అఖుంద్ ముల్లా అబ్దుల్ మాలిక్ కోసం ఆమె ఈ మసీదును నిర్మింపజేశారు. శిష్యురాలు గురువుకు ఇచ్చిన కానుక మసీదు కావడం, ఆ శిష్యురాలు రాజకుటుంబ స్త్రీ కావడం మన ఇళ్ళలో ఆడపిల్లలకు చెప్పదగిన విషయం.

మసీదు పక్కనే గుమ్మటం ఉన్న కట్టడం మరొకటి ఉంది. అది ఆ గురువు సమాధి కోసం కట్టినది. కాని లోపల సమాధి లేదు. అఖుంద్ గారు హజ్‌కు వెళ్ళి మక్కాలోనే కన్నుమూశారు. వారిని అక్కడి మట్టిలోనే ఖననం చేశారు. మనిషి తన కోసం ఒకచోట ఇల్లు సిద్ధం చేసుకుంటాడు, అల్లాహ్ మరోచోట అతనికి స్థలం నిర్ణయించి ఉంచుతాడు.

ఈ ఖాళీ గుమ్మటం ముందు నిలబడిన ప్రతిసారీ మా మనసులో ఒక లెక్క మెదులుతుంది. ఇక్కడి నుండి అక్కడికి ఎంత దూరం? ఆ దూరాన్ని మన పెద్దలు ఎన్ని రోజుల్లో దాటారు? మనం ఎన్ని గంటల్లో దాటుతున్నాం? ఈ తేడా వల్ల మనకు దక్కినదేమిటి, జారిపోయినదేమిటి? పాఠకులతో కలిసి ఆ లెక్కను ఈ నెల వేసి చూద్దాం.

ఖైరతాబాద్ కూడలి నుండి శంషాబాద్ విమానాశ్రయం సుమారు 30 కిలోమీటర్లు. లక్డీకాపూల్ మీదుగా మాసాబ్‌ట్యాంక్ చేరుతాం. మాసాహెబా అని ప్రజలు గౌరవంగా పిలుచుకున్న హయాత్ బక్షీ బేగం పేరు ఆ చెరువుకు మిగిలింది, చెరువు మాత్రం మిగలలేదు. అక్కడి నుండి మెహిదీపట్నం, ఆపైన 2009లో ప్రారంభమైన పి.వి.నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే. పదకొండు కిలోమీటర్లకు పైగా స్తంభాల మీద సాగే ఆ దారి ఆరాంఘర్ వద్ద దిగుతుంది. ఇక శంషాబాద్ ఎంతో దూరం ఉండదు. రోడ్డు ఖాళీగా ఉంటే గంటలోపు, రద్దీలో గంటన్నర.

శంషాబాద్ నుండి జిద్దాలోని కింగ్ అబ్దుల్ అజీజ్ విమానాశ్రయానికి గగనమార్గాన దూరం సుమారు 4,130 కిలోమీటర్లు. నేరు విమానానికి వెళ్ళేటప్పుడు దాదాపు ఐదున్నర నుండి ఆరు గంటలు పడుతుంది. జిద్దా నుండి పవిత్ర మక్కాకు రోడ్డు మీద సుమారు 80 కిలోమీటర్లు, విమానాశ్రయం నుండి అయితే మరికొంత ఎక్కువ.

ఇక్కడ విద్యార్థులకు మేము చూపించే చిన్న ప్రయోగం ఒకటి ఉంది. గోడకు వేలాడే ప్రపంచ పటం మీద హైదరాబాదు నుండి మక్కాకు స్కేలుతో గీత గీస్తే అది దాదాపు పడమరకే పోతుంది, ఉత్తరం వైపు ఆరు డిగ్రీలే ఒరుగుతుంది. అదే గ్లోబు మీద రెండు ఊళ్ళ మధ్య దారం బిగించి లాగితే, బయలుదేరే చోట ఆ దారం పడమర నుండి ఉత్తరం వైపు సుమారు 13 డిగ్రీలు ఒరుగుతుంది. భూమి గుండ్రన కనుక దారం చూపినదే దగ్గరి దారి. మన నగరంలో ఖిబ్లా దిశ అదే. జిద్దా విమానం పట్టే దిశ కూడా ఇంచుమించు అదే. అంటే శంషాబాద్‌లో లేచిన విమానంలో తన సీటులో నిటారుగా కూర్చున్న యాత్రికుడు ప్రయాణంలో అధిక భాగం దాదాపు ఖిబ్లా వైపే ముఖం పెట్టి కూర్చుని ఉంటాడు. మక్కా సమీపించాక మాత్రం ఖిబ్లా ఎడమ చేతి వైపుకు మారుతుంది. తిరుగు ప్రయాణంలో అది వీపు వెనుక ఉంటుంది.

ఈ లెక్క విమానాలు వచ్చాక పుట్టినది కాదు. వెయ్యేళ్ళ క్రితమే అబూ రైహాన్ అల్‌బీరూనీ గజనీ నగరపు ఖిబ్లాను కనుగొనడానికి ఊళ్ళ అక్షాంశాలను, రేఖాంశాలను కొలిచి, గోళ గణితంతో దిశను తేల్చారు. 1025 ప్రాంతంలో పూర్తి చేసిన ‘తహ్దీద్’ గ్రంథంలో ఆ శ్రమ అంతా ఉంది. నమాజు కోసం దిశ వెతికిన విద్యే దూరాన్ని కొలిచే విద్యగా ఎదిగింది. ధర్మం వేరు, గణితం వేరు అనుకునే పిల్లలకు ఈ సంగతి చెప్పాలి.

ఇక పూర్వపు దారి చూద్దాం. గోల్కొండ రాజ్యానికి సముద్రద్వారం మచిలీపట్నం. అక్కడి నుండి కుతుబ్‌షాహీల కాలంలో ఓడలు ఎర్రసముద్రపు రేవులకు వెళ్ళేవి. సరుకులతో పాటు హాజీలను తీసుకుపోయేవి. ఆ ఓడలకు గాలే ఇంధనం. చలికాలపు ఈశాన్యపు గాలితో తెరచాప ఎత్తాలి, నైరుతి గాలి మళ్ళినప్పుడు తిరిగి రావాలి. గాలి తప్పితే మరో ఏడాది ఆగాలి. ఇక్కడి నుండి మచిలీపట్నానికి ఎడ్లబండ్ల ప్రయాణమే ఎన్నో రోజులు. హజ్‌కు వెళ్ళిన మనిషి ఏడాదికి తిరిగి వస్తే ఇంటివారు అల్లాహ్‌కు కృతజ్ఞతలు చెప్పుకునేవారు, రాకపోతే ఓర్పు వహించేవారు.

రెండో దశ రైలు, ఆవిరి ఓడ. 1874లో నిజాం రైలు మార్గం వాడీ నుండి సికింద్రాబాదుకు చేరింది. వాడీ వద్ద బొంబాయి రైలు అందేది. మన ముత్తాతలు ఆ దారినే బొంబాయి చేరి, ముసాఫిర్‌ఖానాలో ఓడ కోసం ఎదురుచూసి, జిద్దాకు బయలుదేరేవారు. ఎర్రసముద్రం ముఖద్వారం దాటాక కమరాన్ అనే దీవి వద్ద ఓడలను ఆపి, అంటువ్యాధుల భయంతో హాజీలను దించి పరీక్షించేవారు. సముద్రం అనుకూలిస్తే బొంబాయి నుండి జిద్దాకు వారం పైన, లేకుంటే ఇంకా ఎక్కువ. నిజాం సంస్థానం వారి కోసం మక్కాలో రుబాత్‌లు, అంటే ఉచిత వసతి గృహాలు, ఏర్పాటయ్యాయి. పూర్వపు హైదరాబాదు సంస్థానపు జిల్లాల హాజీలకు ఆ వసతి నేటికీ ఉపకరిస్తోంది. భారతదేశం నుండి హాజీల ఓడ 1995 వరకు నడిచింది. అంటే ఓడ ప్రయాణం చేసినవారు మన పెద్దల్లో ఇంకా ఉన్నారు. వారిని అడిగి వారి మాటలు రాసి పెట్టుకోవడం ఇంట్లోని యువకుల బాధ్యత.

మూడో దశ విమానం. ఖైరతాబాద్, అమీర్‌పేట, పంజాగుట్ట వాసులకు విమానాశ్రయం ఒకప్పుడు ఇంటి పక్కనే ఉండేది. బేగంపేటలో దిగే విమానం ఇళ్ళ మీదుగా ఎంత తక్కువ ఎత్తులో పోయేదో ఇక్కడి వారికి తెలుసు. 2008 మార్చి 23 నుండి ఆ రాకపోకలు శంషాబాద్‌కు మారాయి. నాంపల్లి హజ్ హౌస్‌లో క్యాంపు, అక్కడి నుండి బస్సుల్లో శంషాబాద్, అక్కడి నుండి హిజాజ్ గడ్డ. ఒకప్పుడు ఏడాది పట్టిన దారి ఇప్పుడు ఒక పగలులో ముగుస్తోంది.

ఈ వేగం పెద్దవారిని కొంత కలవరపెడుతుంది. ఒకసారి మసీదు వాకిట ఒక వృద్ధురాలు టికెట్టు చేతిలో పట్టుకుని, “మౌలానా సాబ్, మా మనవడు ఆరు గంటల ప్రయాణం అంటున్నాడు. కాగితంలో పదింటికి లేచి ఒంటిగంటకే దిగుతుందని ఉంది. ఏది నిజం?” అని అడిగారు. రెండూ నిజమే. సౌదీ గడియారం మన గడియారం కంటే రెండున్నర గంటలు వెనుక. ఉదయం 10 గంటలకు బయలుదేరిన విమానం ఐదు గంటల ముప్పావు ఎగిరితే మన సమయం 3 గంటల 45 నిమిషాలు అవుతుంది. అక్కడి గోడ గడియారంలో మాత్రం 1 గంట 15 నిమిషాలే. తిరిగి వచ్చేటప్పుడు ఇదే లెక్క తలకిందులవుతుంది. రాత్రి 10 గంటలకు జిద్దాలో లేచి ఐదుంపావు గంటలు ఎగిరితే ఇక్కడ తెల్లవారుజామున 5 గంటల 45 నిమిషాలు. కాగితం మీద అది ఏడు గంటల ముప్పావుగా కనిపిస్తుంది. మధుమేహం, రక్తపోటు మందులు వేసుకునేవారు ఈ తేడాను వైద్యునితో ముందే మాట్లాడుకోవాలి. మందులను చేతిసంచీలో ఉంచుకోవాలి.

గాలి మాట నేటికీ చెల్లుతుంది. చలికాలంలో ఆకాశపు పై పొరల్లో గాలి పడమర నుండి తూర్పుకు వేగంగా వీస్తుంది. అందుకే వెళ్ళేటప్పుడు ఎక్కువ సేపు, వచ్చేటప్పుడు తక్కువ సేపు పడుతుంది. తెరచాపల నాడు దారి చూపిన గాలి ఇంజిన్ల నాడు కూడా తన మాట చెబుతూనే ఉంది. సృష్టికర్త నియమాలను మనిషి వాడుకోగలడు, రద్దు చేయలేడు.

నేరు విమానంలో కాక దుబాయి మీదుగా వెళ్ళేవారు మరో సంగతి గమనించాలి. హైదరాబాదు నుండి దుబాయికి సుమారు 2,550 కిలోమీటర్లు, అక్కడి నుండి జిద్దాకు సుమారు 1,700. మొత్తం మీద పెరిగే దూరం వంద కిలోమీటర్ల పైచిలుకే. పెరిగేది నిరీక్షణ. మధ్యలో నాలుగు గంటలో, ఎనిమిది గంటలో ఆగవలసి వస్తుంది. మోకాళ్ళ నొప్పులున్న తల్లిదండ్రులను పంపే కొడుకులు టికెట్టు ధరతో పాటు ఆ గంటలను కూడా లెక్కలో వేసుకోవాలి.

ఇక ఆరాధనల విషయం. మన హనఫీ ఉలమాల వద్ద ఖస్ర్ నమాజుకు దూరం 48 మైళ్ళు, అంటే సుమారు 77 కిలోమీటర్లు. షరీఅత్ చూసేది దూరాన్ని, వాహనపు సుఖాన్ని కాదు. ఒంటె మీద మూడు రోజులు పోయినవానికి ఉన్న సౌలభ్యమే ఆరు గంటల్లో ఎగిరినవానికీ ఉంది. అయితే ఊరి ఇళ్ళు దాటిన తరువాతే ఆ వెసులుబాటు మొదలవుతుంది. ఇంటి నుండి సంచీ ఎత్తగానే నాలుగు రకాతులు రెండు కావు. గమ్యస్థానంలో పదిహేను రోజులు లేదా అంతకు మించి ఉండే సంకల్పం ఉంటే అక్కడ పూర్తి నమాజే.

పడమరకు ఎగిరేవాడు సూర్యుని వెంట పరుగెత్తుతున్నట్లే. హైదరాబాదుకు, జిద్దాకు మధ్య 39 డిగ్రీల రేఖాంశం ఉంది. సూర్యుడు ఒక డిగ్రీ దాటడానికి నాలుగు నిమిషాల చొప్పున, అది రెండున్నర గంటల పైమాటే. రమజాన్‌లో ఉమ్రాకు మధ్యాహ్నం 2 గంటలకు బయలుదేరిన రోజెదారుని తలచుకోండి. ఖైరతాబాద్‌లో మగ్రిబ్ అజాన్ అయ్యే వేళకు అతని కిటికీలో ఎండ కాస్తూనే ఉంటుంది. చేతి గడియారం చూసి ఇఫ్తార్ చేయడానికి వీలు లేదు. తానున్న చోట సూర్యుడు అస్తమించాలి. పైగా పది పదకొండు కిలోమీటర్ల ఎత్తున దిగంతం కిందికి జారుతుంది కనుక, అక్కడ అస్తమయం కింది నేల కంటే సుమారు పావుగంట ఆలస్యం. ఆ ఉపవాసం భారమైతే ప్రయాణికునికి షరీఅత్ ఇచ్చిన అనుమతి ఉంది. తరువాత ఖజా చేసుకోవచ్చు. అనుమతిని స్వీకరించడం బలహీనత కాదు.

అన్నిటికంటే జాగ్రత్త పడవలసినది మీఖాత్ వద్ద. ఓడలో పోయిన పెద్దలకు యలమ్‌లమ్ మీఖాత్‌గా ఉండేది. ఓడ మెల్లగా సాగేది. మీఖాత్ వస్తోందని ముందే చాటేవారు. అందరూ స్నానం చేసి, ఇహ్రామ్ ధరించి, తల్బియా అందుకునేందుకు తగినంత సమయం దొరికేది. విమానం తూర్పు నుండి, తాయిఫ్ వైపు ఉన్న ఖర్నుల్ మనాజిల్ మీఖాత్ పరిధిగుండా దిగుతుంది. ఆ స్థలం జిద్దా విమానాశ్రయానికి సుమారు 130 కిలోమీటర్ల ముందు ఉంటుంది. ఆకాశంలో విమానం నిమిషానికి పద్నాలుగు కిలోమీటర్లు పోతుంది. దిగే వేళకు వేగం తగ్గినా, మీఖాత్ దాటే ఘడియ కన్ను మూసి తెరిచేలోపు గడిచిపోతుంది. అప్పటికి సీటు బెల్టులు బిగించి ఉంటారు. లేచి బట్టలు మార్చుకునే వీలు ఉండదు.

ఇహ్రామ్ వస్త్రాన్ని పెద్ద సూట్‌కేసులో పెట్టి విమానపు కడుపులోకి పంపినవారు, భోజనం చేసి నిద్రపోయినవారు, జిద్దాలో దిగాక చేసుకుందాం అనుకున్నవారు మా వద్దకు వచ్చి మసలా అడగడం మామూలైపోయింది. ఉమ్రా సంకల్పంతో ఇహ్రామ్ లేకుండా మీఖాత్ దాటితే, తిరిగి మీఖాత్‌కు వెళ్ళి ఇహ్రామ్ కట్టాలి. లేదా దమ్, అంటే ఒక జంతువు ఖుర్బానీ, విధి అవుతుంది. జీవితకాలపు పొదుపుతో వెళ్ళిన పేద యాత్రికునికి అది చిన్న మాట కాదు. అందుకే ఇంటి వద్దనో, హజ్ హౌస్‌లోనో, విమానాశ్రయంలోనో ఇహ్రామ్ వస్త్రాలు ధరించి, దిగడానికి గంట ముందే నియ్యత్ చేసి తల్బియా మొదలుపెట్టడం క్షేమం. స్త్రీలకు ప్రత్యేక వస్త్రం లేదు కాని నియ్యత్, తల్బియా ఉన్నాయి. ముందుగా మదీనాకు వెళ్ళేవారికి విమానంలో ఇహ్రామ్ అక్కరలేదు. వారు మదీనా నుండి మక్కాకు బయలుదేరినప్పుడు జుల్‌హులైఫా వద్ద ఇహ్రామ్ కడతారు.

జిద్దాలో హాజీలు దిగే టెర్మినల్ మీద తెల్లని గుడారాలు 210 వరుసగా నిలిచి ఉంటాయి. 1981లో ప్రారంభమైన ఆ కట్టడానికి ఇంజినీరు ఢాకాలో చదువుకున్న ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్. ఎడారి ఎండలో వేల మందికి నీడనిచ్చే ఆ కప్పు పూర్వపు హాజీల గుడారాన్ని తలపిస్తుంది. మరుసటి ఏడాది, 1982లో, ఆయన జిద్దాలోనే ఉండగా గుండెపోటుతో మరణించారు. అప్పటికి వయస్సు యాభై రెండేళ్ళే. ఎవరి ప్రయాణం ఎక్కడ ముగుస్తుందో ఏ టికెట్టులోనూ రాసి ఉండదు.

ఇక్కడే అసలు విషయానికి వస్తున్నాం. దూరం ఏడాది పట్టినప్పుడు హజ్‌కు బయలుదేరే మనిషి తిరిగి రానేమో అనే ఎరుకతో ఇల్లు విడిచేవాడు. అప్పులు తీర్చేవాడు. అమానతులు అప్పగించేవాడు. వసీయతు రాసేవాడు. గడప గడపకూ వెళ్ళి “తెలిసో తెలియకో నొప్పించి ఉంటే మన్నించండి” అని అడిగేవాడు. ఆ ప్రయాణపు పొడవు అతని హృదయాన్ని కడిగేది. ఇప్పుడు ఆరు గంటలే కదా, పదిహేను రోజుల్లో వచ్చేస్తాం కదా అనే ధీమా వచ్చింది. దండలు వేయించుకోవడానికి, ఫోటోలకు సమయం దొరుకుతోంది. దుకాణం బాకీ, చెల్లెలి వాటా, పక్కింటివారితో తగాదా మాత్రం వచ్చాక చూద్దాం అనే జాబితాలో పడుతున్నాయి.

మా పేటలో ఒక పెద్దమనిషి ఉమ్రాకు సిద్ధమై దుఆ కోరడానికి వచ్చారు. అన్నీ అయ్యాయా అని అడిగాము. అయ్యాయన్నారు. తమ్ముడిని కలిశారా అని అడిగితే తల వంచుకున్నారు. తండ్రి ఇంటి పంపకంలో మాట పెరిగి పదకొండేళ్ళుగా ఇద్దరికీ మాటలు లేవు. తమ్ముడి ఇల్లు పంజాగుట్టలో, మెట్రోలో రెండో స్టేషను. మేము ఆయనతో, “భాయీజాన్, నాలుగు వేల కిలోమీటర్లు వెళ్తున్నారు. ముందు ఈ రెండు కిలోమీటర్లు వెళ్ళి రండి” అని మాత్రం అన్నాము. ఆయన ఏమీ అనలేదు. ప్రయాణం నాటి సాయంత్రం ఆయన సామాను కారెక్కిస్తున్నది తమ్ముడే అని తరువాత విన్నాము. ఇంటి పంపకం తగాదా ఇంకా తేలలేదు. సలాము మాత్రం మొదలైంది.

ఈ దారికి ఇంకో కొస ఉంది. జిద్దాలో, దమ్మాంలో, రియాద్‌లో పనిచేసే మన పిల్లలకు ఇది రోజూ కళ్ళెదుట కనిపించే దూరం. విమానానికి ఆరు గంటలే. కాని సెలవు, పత్రాలు, టికెట్టు డబ్బు కుదరాలి. తండ్రి ఆసుపత్రిలో ఉన్నాడని తెలిసిన కొడుకుకు ఆ ఆరు గంటలు ఆరు నెలల దూరంగా మారడం చూశాము. జనాజా ఫోనులో చూసి ఏడ్చిన పిల్లల ఇళ్ళు ఈ వీధుల్లోనే ఉన్నాయి. అటువంటి ఇంటి వృద్ధులకు మందు తెచ్చిపెట్టడం, ఆసుపత్రికి తోడు వెళ్ళడం పొరుగువారి హక్కులలోనిదే. అక్కడి కొడుకు దాటలేని దూరాన్ని ఇక్కడి పొరుగువాడు నాలుగడుగులతో దాటగలడు.

దైవప్రవక్త (స) ప్రయాణాన్ని కష్టంలో ఒక భాగంగా చెప్పి, పని ముగిశాక ఆలస్యం చేయక ఇంటివారిని చేరుకోమని బోధించారు. ప్రయాణికుని దుఆ స్వీకరించబడే దుఆలలో ఒకటని కూడా తెలిపారు. కనుక ఈ ఏడాది బయలుదేరే సోదర సోదరీమణులకు మా మనవి ఇది: ఇహ్రామ్ చేతిసంచీలో ఉండాలి, మందులు దానితోనే ఉండాలి, వాహనం ఎక్కే దుఆ నోటికి రావాలి. సామాను తూకం వేసే రోజుకు ముందే బాకీల తూకం వేసుకోవాలి. వెళ్ళలేనివారు దిగులు పడనవసరం లేదు. ఖిబ్లా వైపు నిలబడిన ప్రతి నమాజులో మనం కాబా గృహం వైపే ముఖం తిప్పుతున్నాం. వెళ్ళేవారి యాత్రను అల్లాహ్ సులభతరం చేయుగాక, స్వీకరించుగాక. ఎదురుచూసే ఇళ్ళకు వారిని క్షేమంగా చేర్చుగాక. ఆమీన్.